రాస్ చేపకు తొమ్మిదో రాత్రి

బొగొటా, 1996 మార్చి 4

చిరంజీవి తమ్ముడు అల్రిక్‌కి,

ఇక్కడ నేనూ నా మోకాళ్ళూ క్షేమం. నువ్వు క్షేమమని రాయవు, రాసినా నేను నమ్మను. నీ డెల్సీ పోయి ఏడాది దాటింది. నువ్వు సముద్రంలో కాలు పెట్టి కూడా అంతే అయింది. నీ పడవ మీద గడ్డి మొలిచిందని పాస్టరుగారి భార్య రాసింది. రోజంతా ఇంట్లో ఆ కుర్చీలో కూర్చునే నువ్వు కూడా వెళ్ళిపోతావేమోనని నాకు భయంగా ఉందిరా.

సరే, పని మీద రాస్తున్నాను. ఈ కొండ మీద చలిలో నలభై ఏళ్ళు నర్సుగా వణికాను కదా, ఇప్పుడు ఇంట్లో గాజుతొట్టిలో చిన్న సముద్రం పెట్టుకున్నాను. పగడాలున్నాయి, ఒక నల్ల చేప ఉంది. దానికి తోడు రాస్ అనే రంగుల చేపను తెద్దామని. దుకాణంలో ఆరు రకాలున్నాయి. ఏది తెచ్చుకోను?

నీ అక్క,
వెర్లినా

తా.క. దుకాణం ఆయన చేపల గుణగణాలు గంటసేపు చెప్పాడు. సముద్రం ఎలా ఉంటుందో మాత్రం నన్నడిగాడు.

బాటమ్ హౌస్, ప్రావిడెన్స్ దీవి, మార్చి 15

అక్కకి,

పడవ మీద మొలిచింది గడ్డి కాదు, తీగ.

పెద్ద రాస్ కొనకు, నీ తొట్టి చాలదు. వేలంత పిల్లను తెచ్చుకో. ఒళ్ళంతా పసుపు, పక్కన నీలం గీత. చిన్నప్పుడు అద్దం అడుగున్న బకెట్ నీళ్ళలో పెట్టి చూసేవాళ్ళం, "అదిగో పసుపు గౌనులో చర్చికెళ్ళే పిల్ల" అనేదానివి, అదే. పొట్ట లోపలికి పోయినదైతే వద్దని చెప్పు. నీ కళ్ళముందు మేత తిన్నదాన్నే తెచ్చుకో. అడుగున మెత్తటి ఇసుక నాలుగు వేళ్ళ మందం ఉండాలి. పైన వలమూత పెట్టు, అది ఎగురుతుంది. ఒకసారి నా బకెట్లోంచి ఎగిరి డెల్సీ ఒళ్ళో పడింది. అప్పటికి మాకింకా పెళ్ళి కాలేదు. డెల్సీ నవ్విన నవ్వు విన్నాకే నేను పెళ్ళిమాట ఎత్తాను.

ఇక రాయలేను.

తమ్ముడు,
అల్రిక్

తా.క. ఇసుక తగ్గించకు. ఎందుకో నీకు తెలుసుగా.

బొగొటా, ఏప్రిల్ 8

అల్రిక్,

రాస్ పోయింది. తెచ్చినరోజు ఒక్క చుట్టు తిరిగింది, నల్ల చేప వెంటపడి తరిమింది, దీపం ఆర్పేవేళకి లేదు. నాలుగు రోజులైంది. మూత పెట్టింది పెట్టినట్టే ఉంది, శవం లేదు. సోఫా కింద కూడా చూశాను. నల్ల చేపే తినేసింది. దాని మొహంలో అంత తృప్తి నేనెప్పుడూ చూడలేదు. ఇసుక ఎందుకో నాకు తెలియదు, అందానికనుకున్నాను.

శనివారం దానికి మన దీవి పద్ధతిలో, పోయినవాళ్ళ కోసం అందరూ చేరి పాడే తొమ్మిదో రాత్రి జరిపిస్తున్నాను. నవ్వితే ఊరుకోను. డెల్సీ తొమ్మిదో రాత్రికి విమానం దొరక్క రాలేకపోయాను. పాడాల్సిన పాట ఇప్పటికీ గొంతులోనే ఉంది.

వెర్లినా

తా.క. ఎవరు పోయారో ఎవరికీ చెప్పలేదు. పీతల కూర ఉందన్నాను. ఎవరూ అడగలేదు కూడా.

బాటమ్ హౌస్, ఏప్రిల్ 12

అక్కా, ఆపు!

అది చావలేదు, పడుకుంది! రాస్ చేప ఇసుకలో దూరి పడుకుంటుంది. కొత్త చోటు, పైగా తరిమేవాడు ఒకడు ఉంటే రోజుల తరబడి బయటికి రాదు. సముద్రం ఒడ్డున పుట్టినదానివి, ఇది కూడా ఒకరు చెప్పాలా? ఇసుక కెలక్కు. బతికున్నదానికి తొమ్మిదో రాత్రి చేశావని తెలిస్తే ఇక్కడ నేను చర్చిలో తలెత్తుకోవాలా వద్దా? విమానం ఎక్కుతున్న మిస్ ఓనా చేతికి ఇది ఇస్తున్నాను.

అల్రిక్

తా.క. పీతలు వండేసి ఉంటే పారేయకు. పుట్టినరోజని చెప్పు.

బొగొటా, ఏప్రిల్ 15

తమ్ముడికి,

మిస్ ఓనా నీ ఉత్తరం తెచ్చేసరికి గిన్నెలు కూడా కడిగేశాం.

ఇక్కడున్న మన దీవివాళ్ళు ముప్ఫై రెండుమంది వచ్చారు. హోరేషియో టేలర్ లేచి, "ఆవిడ చేతివంట తిన్న నోటికి ఇంకేదీ రుచించదు" అని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎవరి గురించో నాకిప్పటికీ తెలియదు. నాలుగో పాట దగ్గర ఎవరో ఫోటో చూపించమన్నారు. తొట్టి చూపించాను. అందరూ అద్దానికి ముక్కులు ఆనించి చూశారు. చివరికి మిస్ క్లెమీ, "అయితే ఏంటంట? అదీ మన నీళ్ళదేగా!" అంది. మళ్ళీ పాట అందుకున్నారు. ఎవరి మనుషులను వాళ్ళు తలుచుకుని ఏడ్చారు. నేను డెల్సీ కోసం పాడాను.

చివర్లో మంచం తిప్పాలి కదా, పోయినవాళ్ళు తిరిగొచ్చి తమ చోటు గుర్తుపట్టకుండా. రాస్‌కి మంచం ఎక్కడిది? రాళ్ళే అనుకున్నాం. టేలర్ చొక్కా చేతులు మడిచి చెయ్యి ముంచి రాళ్ళన్నీ అటువి ఇటు పెట్టాడు.

ఆదివారం పొద్దున్న ఇసుకలోంచి ముందు ముక్కు వచ్చింది, తర్వాత కళ్ళు, ఆ తర్వాత పసుపు గౌను! చక్కగా తిరుగుతోంది, తింటోంది. నల్ల చేప ఏమో మూలన బిక్కమొహం వేసుకుని నిలబడింది. ఇదేం వింతరా?

వెర్లినా

తా.క. కూర బాగుందట. ఈసారి ఎవరు పోతున్నారని టేలర్ అడుగుతున్నాడు.

బాటమ్ హౌస్, ఏప్రిల్ 27

అక్కకి,

వింతేం లేదు. నల్ల చేపకు ప్రతి రాయీ తెలుసు, అందుకే అంతా తనదనుకుంది. రాళ్ళు మారేసరికి అది కూడా ఆ ఇంటికి కొత్తదైపోయింది. రాస్‌కి దారి దొరికింది. అంతే.

ఈ నాలుగు ముక్కలు రాసి మూడు రోజులు కాగితం బల్ల మీదే వదిలేశాను.

నీకొకటి చెప్పాలి. డెల్సీ తొమ్మిదో రాత్రి మంచం తిప్పనివ్వలేదు నేను. అందరూ గదిలోకి వస్తుంటే గుమ్మానికి అడ్డం నిలబడి, నేనే తిప్పేశానన్నాను. అబద్ధం. తిరిగొస్తే తన చోటు తనకు కనపడాలి కదా. నేను సముద్రం మీద ఉన్నప్పుడు వస్తే ఎవరుంటారని కుర్చీ వదల్లేదు. ఇన్నాళ్ళూ గోడవైపే ముడుచుకుని పడుకున్నాను, తన వైపు దుప్పటి కూడా నలపకుండా. రాలేదక్కా.

నిన్న మంచం తిప్పాను. ఒక్కణ్ణే తిప్పాను. తిప్పుతూ నువ్వు పాడిన పాటే పాడాను, సగం చరణాలు మరిచిపోయాను. ఇప్పుడు పడుకుంటే నా మొహం కిటికీ వైపు ఉంటోంది. ఈ పొద్దున్న కళ్ళు తెరవగానే ఎదురుగా సముద్రం.

నీ తమ్ముడు,
అల్రిక్

తా.క. కాగితం మీద మరకలు ఉప్పునీళ్ళవే. ఏడ్చాననుకుని కంగారుపడకు. తల తుడుచుకోకుండా రాయడానికి కూర్చున్నాను.