డిస్కు మనది, తాళం వాళ్లది

తిరుపతి, ఆదివారం రాత్రి. జూన్, 2009.

మద్రాసులో ముచ్చటపడి కొన్న కార్ల రేసు గేము ఎట్టకేలకు ఈ రోజు ఆడింది. డిస్కు పెడితే చాలనుకున్నాను. మిగతాది ఇంటర్నెట్లోంచి దించుకో, కంపెనీ అనుమతి తెచ్చుకో అంటుంది. ఇంట్లో నెట్ లేనివాళ్లకు ఆ డిస్కు అమ్మడం దేనికి? వారం రోజులుగా ఒళ్లు మండుతూనే ఉంది.

చివరికి నాయన ఆటో తీశాడు. అమ్మ సీపీయూకి బొట్టు పెట్టి, దుప్పటిలో చుట్టి నా ఒళ్లో కూర్చోబెట్టింది. వీధి మలుపులో రమణమ్మత్త తొంగిచూసి, "ఎవురి బిడ్డన్నా అది? జొరమొచ్చిందా?" అంది.

"బిడ్డ కాదు, కంప్యూటరు. నెట్ సెంటరుకి పోతాండాం" అన్నాడు నాయన.

అక్కడ వైరు తగిలించి, గేము మొత్తం దిగి అనుమతి వచ్చేదాకా మధ్యాహ్నమంతా కూర్చున్నాం. నాయన బేరాలు మానుకుని నా పక్కనే ఉన్నాడు.

"మనం కొనుక్కున్న వస్తువుకి మళ్లా వాళ్లనడగాల్నా? రేపు వాళ్లు అంగడి మూసేస్తే?"

నాయన అడిగిన ఆ మాటే ఇప్పటికీ మనసులో తిరుగుతోంది.

ఇంటికొచ్చాక మొదటి రేసు నాయనకే ఇచ్చాను. ఆటో అలవాటు ఎక్కడికి పోతుంది? వెనక కారు రాగానే పక్కకు తప్పుకుని దారిచ్చాడు. "తొందరుండేటోళ్లు పోనీలేమ్మా" అన్నాడు. అందరికన్నా చివర వచ్చాడు. అమ్మా నేనూ కడుపు పట్టుకుని నవ్వాం.

"ఈ పర్మిషను ఎన్నాళ్లుంటాదమ్మా?"

"తెలీదు నాయనా."

"అయితే ఇంకోసారి ఆడనీ" అంటూ కుర్చీ ముందుకు లాక్కున్నాడు.