దిబ్బలో అలికిన నేలలు

వేటపాలెం దగ్గర ఇసుకపాకల నుంచి

అక్కయ్యకు నీ చెల్లెలు సీత దణ్ణం పెట్టి రాస్తున్నది. నీ మరిదీ నేనూ కులాసాగా ఉన్నాం. నీ మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? బావగారూ పిల్లలూ ఎలా ఉన్నారు? వినుకొండ వైపు వాన పడిందా, మిరప నారు పోశారా?

ఇక్కడ ఎటు చూసినా ఇసుకే. ఉప్పుగాలికి జుట్టంతా జిగట. మన గొడ్డుకారం మాత్రం దొరకదు, ఎవరైనా ఇటు వస్తే ఓ డబ్బా పంపు. పని దొరికింది, బెంగపడకు. సముద్రం దగ్గర ఒక పెద్ద దిబ్బను గవర్నమెంటు వాళ్ళు తవ్విస్తున్నారు. నీ మరిది పలుగు వేస్తారు, నేను తట్ట మోస్తాను.

దిబ్బ పైన పెద్ద ఇటుకలతో గుండ్రటి గోడ, చెక్కిన రాతిపలకలు బయటపడ్డాయి. బౌద్ధుల స్తూపమట. దాని పునాది చూడాలని మేస్త్రీ పక్కనే గుంట తీయించాడు. మొన్న అందులో గట్టి నల్లచార కనిపించింది. నీ మరిది పలుగెత్తగానే, "ఆగండి, అది నేల!" అని అరిచాను.

"మట్టి గాక మరేంటే? తట్టెత్తు" అన్నాడు మేస్త్రీ.

"పేడతో అలికిన నేలండీ. పొర మీద పొర ఉంది చూడండి. పక్కన పొయ్యి కూడా ఉంది."

"రేపట్నుంచి నువ్వు పనికి రావొద్దు."

అయినా తట్ట ఎత్తలేదు. గొడవ విని ఆఫీసరుగారు గుంటలోకి దిగారు. వేలితో గీరి చూసి, "ఎన్ని పొరలమ్మా?" అని నన్నే అడిగారు. పదిహేడు లెక్కపెట్టాను.

"స్తూపం కంటే ముందు ఇక్కడ చేపలు పట్టుకునేవాళ్ళు ఉండేవాళ్ళు. తిని పారేసిన ఆల్చిప్పలు, పొయ్యి బూడిద, కూలిన మట్టిగోడలు, వాటి మీదే మళ్ళీ ఇళ్ళు. అలా ఎత్తు పెరిగింది. పడవల వర్తకంతో ఊరు బాగుపడ్డాక ఆ ఎత్తు మీద స్తూపం కట్టారు" అన్నారాయన.

నా పని పోలేదు. ఇప్పుడు నాకు తట్ట తప్పించి చిన్న కత్తీ కుంచే ఇచ్చారు. ఒక పొర మీద వేళ్ళ గుర్తులున్నాయక్కా. ఎవరో ఆడమనిషివి. పక్కన నా చెయ్యి పెట్టి చూసుకున్నాను. ఇంచుమించు నా చెయ్యంతే ఉంది. ఆమె పేరు ఎవరికీ తెలియదు. అంత కట్టడమూ ఆమె వంటింటి మీద నిలబడింది.

నీకు చెప్పని మాట ఒకటుంది. ఎలాగూ వెళ్ళిపోతాంలే అని, వచ్చినప్పటి నుంచి మా పాక నేల ఒక్కసారి కూడా అలకలేదు. నీ మరిది అడిగినా వినలేదు. ఆదివారం పొద్దున్నే పేడ తెచ్చి మూలమూలలా అలికి, ముగ్గు పెట్టాను. ఆయన చూసి చెప్పులు బయటే విడిచి, నేల ఆరేదాకా గుమ్మం అవతలే కూర్చున్నారు.

మీ అత్తగారికి నా నమస్కారాలు. పిల్లల్ని దగ్గరికి తీసుకుని నా పేరు చెప్పు. మా ఇద్దరినీ చల్లగా ఉండమని దీవించు.

నీ చెల్లెలు
సీత