అట్ట మీది దోమ

చిన్నోడికి,

మీ అన్న ఎవరిచేతా రాయించకుండా సొంతంగా కూచుని రాస్తున్న ఉత్తరం ఇది. ఇక్కడ మీ వదిన క్షేమం, షాపు క్షేమం, గోడ మీద పదకొండు గడియారాలూ క్షేమంగా ఆడుతున్నాయి. నా సంగతే బాగాలేదు. అక్కడ నువ్వూ మరదలూ బాగున్నారనే అనుకుంటున్నాను. వత్తులు తప్పితే సరిచేసుకుని చదువుకో. లెక్కల మేష్టారివి, తప్పులు పట్టడం నీకు అలవాటే.

ముందు ఒక పాత సంగతి కక్కేయాలి. ఇరవై ఆరేళ్లుగా కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. స్టేషను పెద్ద గడియారం ఆగిపోయి ఎవరివల్లా కాకపోతే, నేను నిచ్చెనెక్కి దాని కడుపులో దూరి తొమ్మిది రోజులు కూచున్నాను. పదో రోజు అది గంట కొట్టింది. నూనె చేతులతో నేను కిందికి దిగేసరికి పేపరాయన నీతో మాట్లాడుతున్నాడు. ఇస్త్రీ చొక్కా నీదే కదా. మర్నాడు పేపర్లో నీ బొమ్మ పడింది, గడియారానికి ప్రాణం పోసిన యువకుడట. "వాడే తప్పు రాశాడు అన్నయ్యా, నేనేం చెప్పలేదు" అన్నావు. నమ్మాను. తమ్ముడి బొమ్మ కదా అని ఆ ముక్క కత్తిరించి షాపులో అంటించాను కూడా. మీ వదిన ఆ రోజే అంది, "చెప్పలేదు సరే, కాదని కూడా చెప్పలేదుగా" అని. నోరు ముయ్యమన్నాను. ఇన్నేళ్లకి ఆవిడ మళ్లీ నోరు తెరిచే పని లేకుండానే గెలిచింది.

ఫోను ఎందుకు తియ్యడం లేదని అడిగావు. ఫోన్లో నువ్వు మొదలుపెడితే నా మాట నీ మాటల్లో కొట్టుకుపోతుంది. చివరికి నేనే "సరేలేరా" అని పెట్టేస్తాను. కాగితం మీద నువ్వు అడ్డం రాలేవు. అందుకని.

కళ్లెలా ఉన్నాయని అడిగావు. నీ పురుగుల ఫోటోల పుస్తకం చదివేంత బాగున్నాయి.

అవును, చదివాను. ఇది నువ్వు అనుకోని సంగతి. బొమ్మలు చూసి మురిసిపోయి అలమారలో పెట్టేస్తాడులే అనుకుని పంపావు. బొమ్మలు చూశాను. మురిసిపోయాను కూడా, దాచను. మీ వదిన చేతిలో అట్ట పెట్టి, "చూడవే, నా చేతి మీద దోమ!" అన్నాను. ఆవిడ పేజీలు తిప్పి, "మీ పేరెక్కడుంది?" అంది. ముందుమాటలో ఉంటుందిలే అన్నాను. గడియారాలు చూసే అద్దం కంటికి పెట్టుకుని, వేలు కింద పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ నాలుగు రోజులు చదివాను. మరదలికి కృతజ్ఞతలున్నాయి. కెమెరా అమ్మినవాడికి ఉన్నాయి. ఆకులు కదలకుండా ఆగినందుకు గాలికి కూడా ఉన్నాయి. నాలుగో రోజు చివరి పేరాకి వచ్చాను. నువ్వేం రాశావో నీకే మళ్లీ రాసి చూపిస్తాను: "నా కెమెరా చూసిందే మీరూ చూస్తున్నారు. ఈ బొమ్మల్లో దేన్నీ నేను దిద్దలేదు. ఒక్క నలుసు కూడా తుడవలేదు."

ఒరేయ్, అది నిజమేరా. నువ్వు తుడవలేదు. నేను తుడిచాను.

ఆరేళ్లు తుడిచాను. మరిచిపోయావేమో, గుర్తు చేస్తాను. నువ్వు మొదటిసారి చీమ ఫోటోలు పట్టుకుని షాపుకొచ్చిన రోజు, కన్ను స్పష్టంగా ఉన్న ఫోటోలో కాలు మసక, కాలు బాగున్న దాంట్లో కన్ను మసక. "ఇంత దగ్గరగా తీస్తే ఒక్క ఫోటోలో పురుగంతా రాదన్నయ్యా, ముప్పై నలభై తీసి, ఒకదాని మీద ఒకటి పొరల్లా పేర్చి, ప్రతిదాంట్లో బాగున్న ముక్క మాత్రం ఉంచాలి" అన్నావు. మౌసు పట్టుకుంటే నీ చెయ్యి ఒకచోట నిలవదు. "నీ చెయ్యా అది, తేలు కుట్టిన కోతి తోకా? ఇటివ్వు" అన్నాను. ఆ ఇటివ్వడమే ఇవ్వడం, ఆరేళ్లు మళ్లీ తీసుకోలేదు.

ఆ కంప్యూటర్లో రాసి ఉన్నవన్నీ నేను చదవలేను. బొమ్మలు గుర్తుపెట్టుకున్నాను. పుండుకు వేసే పట్టీ బొమ్మ నొక్కితే నలుసు పోతుంది. ఆఫీసు ముద్ర బొమ్మ నొక్కితే ఒకచోటి చర్మం ఇంకోచోటికి వస్తుంది. వెనక్కి తిరిగిన బాణం నొక్కితే చేసిన తప్పు పోతుంది. ఈ బాణం మనుషులకి కూడా ఉంటే బాగుండును అన్నాను నీతో, నవ్వావు. పొరలు పేర్చగానే అయిపోతుందా? ముందున్న వెంట్రుక చుట్టూ తెల్లగా పొగలా మిగులుతుంది. ఆ పొగ వెంట్రుక వెంట్రుకకీ తుడవాలి. సాలీడు మొహం ఒక్కదానికి పదకొండు రోజులు పట్టింది. దాని ఎనిమిది కళ్లలోనూ నీ దీపం మెరుపు ఎంత ఉండాలో అంతే ఉంచాను. నువ్వేమో "పురుగుకి ప్రాణం వచ్చిందన్నయ్యా" అన్నావు. ఇప్పుడు ప్రాణం కెమెరా పోసిందంటున్నావు.

దిద్దిన బొమ్మలంటే పెద్దవాళ్ల దగ్గర విలువ తగ్గుతుందని అలా రాసి ఉంటావు. నాకు తెలుసు. అదే అడిగి ఉంటే, "పోనీలేరా, రాయకు" అని నేనే అనేవాణ్ణేమో. అడగలేదు. అన్నకి అక్షరాలు రావులే అని ధీమా. నా ఒళ్లు మండింది అక్కడ. దాచిపెట్టినందుకు కాదు, దాచిపెట్టాల్సిన పని కూడా లేదనుకున్నందుకు.

ఇక అట్ట మీది దోమ. లోపల దాని కింద ఏం రాశావు? "ఒక వ్యక్తి చేతిపై రక్తం తాగుతున్న ఆడదోమ." ఒక వ్యక్తి! నీకు నడక రాని రోజుల్లో ఈ ఒక వ్యక్తి చంకలోనే ఊరేగావు. ఆ మధ్యాహ్నం పెరట్లో నీళ్ల డ్రమ్ము పక్కన స్టూలు మీద కూచుని చెయ్యి చాపాను. నువ్వు కెమెరా వెనక ఊపిరి బిగబట్టి కూచున్నావు. దోమ వాలింది, ముక్కు దింపింది. "కదలకు అన్నయ్యా, కదలకు" అన్నావు. "కదిలేది నువ్వే, నోరు మూసుకుని తియ్యి" అన్నాను. రెండు నిమిషాల నలభై సెకన్లు, నా లెక్క తప్పదు. ముప్పై రెండు టక్కులు విన్నాను. దాని పొట్ట ఎర్రగా ఉబ్బుతుంటే దురదకి పళ్లు బిగబట్టాను గానీ, చెయ్యి మాత్రం బల్ల మీద పెట్టిన ఇనపముక్కలా ఉంది. లోకంలో ఇంకెవరైనా అలా కూచుంటే చూపించు.

నువ్వు గమనించావో లేదో, ఆ ఫోటోలో దోమ పక్కన కందిగింజంత కాలిన మచ్చ ఉంది, స్టేషను గడియారంలో అతుకు వేస్తుంటే కాలింది. కెమెరా అద్దం మీది ధూళి, చర్మం మీది పొట్టు, అన్నీ తుడిచాను. ఆ మచ్చ తుడవలేదు. అది నలుసు కాదు, నేను.

ఇప్పుడు నల్లపెట్టె సంగతికి వస్తున్నాను. దిద్దకముందు ఫోటోలన్నీ దాచిన, కంప్యూటరుకి తగిలించే ఆ పెట్టె పంపమని నువ్వు మూడుసార్లు అడిగావు. పాడైపోయిందని పోయిన వారం కార్డు రాయించాను. అది అబద్ధం. పెట్టె నా బల్ల సొరుగులో, గుడ్డలో చుట్టి భద్రంగా ఉంది. నీ పుస్తకం చదివాక కసితో పట్టుకుని కూచున్నాను. ఆ తర్వాత వచ్చిన నీ పెద్ద ఉత్తరం చదివాక, భయంతో పట్టుకుని కూచున్నాను.

నీ ఉత్తరం ఎంత సంబరంగా ఉందో! "అన్నయ్యా, మన దోమని పురుగుల శాస్త్రం చదివిన పెద్దాయన చూశాడు. ఎడమ మీసం ఆడదానిదట, కుడి మీసం మగదానిదట! సగం ఆడ, సగం మగ! లక్షల్లో ఒకటి పుడుతుందట. ఇరవై ఎనిమిదిన పెద్ద సభలో నన్ను మాట్లాడమన్నారు. అసలు ఫోటోలు చూపించాలట, పెట్టె పంపు." ఉత్తరంలో మన దోమ, పుస్తకంలో నీ దోమ. సరే, అది వదిలేస్తాను.

చిన్నోడా, కూచుని చదువు ఇది.

ఆ దోమలో వింతేమీ లేదు. ఆ కుడి మీసం నేను పెట్టాను.

రక్తం తాగుతూ అది కుడి మీసం ఆడించింది. ముప్పై రెండు ఫోటోలు పేర్చేసరికి అక్కడ ఒక మీసానికి బదులు ఏడెనిమిది దయ్యపు మీసాలు పడ్డాయి. రెండు రోజులు తంటాలుపడ్డాను, ఏ ముక్క ఉంచినా వెంట్రుకలు అతకడం లేదు. నా పని నీకు తెలుసు కదా. ముల్లు విరిగిన గడియారం వస్తే విరిగిన ముల్లుతో పంపను. పాత గడియారాల డబ్బా వెతికి, సరిపోయే ముల్లు తీసి పెడతాను. ఇన్నేళ్లు నా చేతులకి అదే అలవాటు. ఆ దయ్యపు మీసాలన్నీ మొదలంటా తీసేశాను. నువ్వు కిటికీ అద్దం మీద తీసిన ఇంకో దోమ ఫోటో పెట్టెలో ఉంది. దాని మీసం నెమలీకలా గుబురుగా, ఎంత అందంగా ఉందో. తీసి ఇక్కడ పెట్టాను. వంపు కుదిర్చాను, వెలుగు కుదిర్చాను, మొదలు దగ్గర అతుకు కనబడకుండా మూడు రోజులు కూచున్నాను. ఆ అందమైనది మగదోమ అని నాకేం తెలుసు? ఆడదోమ మీసం సన్నగా, మగదోమ మీసం గుబురుగా ఉంటుందని నీ ఉత్తరం చదివేదాకా నాకు తెలీదు. ఆడదానికి మగ మీసం పెట్టి కూచున్నాను.

అప్పుడే ఎందుకు చెప్పలేదంటావు. చెబుదామనే పిలిచాను. నువ్వు వచ్చి తెర ముందు నిలబడిపోయావు. తర్వాత నా భుజం మీద చెయ్యేసి, "నీ చెయ్యి బంగారం అన్నయ్యా" అన్నావు. పుట్టి బుద్ధెరిగాక నువ్వు నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కరోజే. అప్పుడు ఎలా చెప్పను, ఇందులో ఒకటి దొంగ మీసం అని? చెప్పలేదు. అది నా తప్పు. నాది అని ఒప్పుకుంటున్నాను. ఒప్పుకోవడం ఎలాగో నీకు చూపిస్తున్నాను కూడా.

ఈ సంగతి నిన్న మీ వదినకి చెప్పాను. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. తర్వాత, "చెప్పకండి, సభలోనే పెట్టె తెరవనివ్వండి, అప్పుడు తెలుస్తుంది దిద్దలేదని రాయడమంటే ఏంటో" అంది.

"నలుగురూ వాణ్ణి చూసి నవ్వుతారే" అన్నాను.

"మిమ్మల్ని చూసి ఎవరూ నవ్వలేదు కదా, అసలు మీరున్నారని తెలిస్తేగా" అంది.

అయినా నీకు చెబుతున్నాను. అంత మోసం చేసినా, నువ్వు మైకు ముందు వెర్రిమొహం వేసుకుని నిలబడడం నేను చూడలేను. అదే నా ఖర్మ.

కానీ ఊరికే చెప్పడం లేదు. పెట్టె పోయిందని చెప్పి తప్పించుకుందామని నీకు తోస్తుంది. నీ బుర్ర నాకు తెలుసు. ఆ దారి లేదు, పెట్టె నా దగ్గరుంది. దోమ ఏదో పొరపాటని నసిగి, పుస్తకం అలాగే ఉంచుదామని కూడా తోస్తుంది. అదీ కుదరదు. సభలో నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఈ బొమ్మలన్నీ మా అన్న తుడిచాడు, గడియారాలు బాగుచేసుకునేవాడు, ఆ చెయ్యి కూడా ఆయనదే, ఆ మీసం ఆయన తెలియక పెట్టాడు అని చెప్పు. తప్పు నా నెత్తినే వెయ్యి, నాకేం సిగ్గు లేదు. నవ్వేవాళ్లు నన్ను చూసి నవ్వనీ. తప్పు చేశాడంటే ముందు పని చేసినట్టే కదా. నువ్వు రాసిన ముందుమాటలో నాకు తప్పు చేసే చోటు కూడా మిగల్లేదు.

కంప్యూటరు నడుస్తోందా అని కూడా అడిగావు. పుస్తకం వచ్చిన రోజు నుంచి దాని మీద దుప్పటి కప్పి ఉంచాను. నువ్వు పంపిన సీతాకోకచిలుక రెక్క సగం తుడిచి ఆగిపోయింది. మిగతా సగం నీ జవాబుని బట్టి.

జవాబు ఇరవయ్యో తేదీ లోపల రావాలి. నీ చేతిరాతతో రావాలి, ఫోను పనికిరాదు. పెద్ద అక్షరాలతో రాయి, నేను సొంతంగా చదువుకుంటాను. సభలో నువ్వు చెప్పబోయే మాటలు అందులో ఉంటే, నల్లపెట్టె ఆ రోజే పోస్టులో వేస్తాను. ఇరవై దాటినా ఏమీ రాకపోతే, ఇరవై ఏడున పెట్టె పట్టుకుని రైలెక్కుతాను. చొక్కా చెయ్యి మోచేతి దాకా మడుచుకుని, మచ్చ కనబడేటట్టు మొదటి వరసలో కూచుంటాను. "ఈ చెయ్యి ఎవరిది?" అని ఆ పెద్దాయన అడిగితే ఏం చెబుతావురా? అదే ఇరవైలోగా నాకు రాయి.

ఇట్లు,
నీ పుస్తకంలోని ఒక వ్యక్తి,
మీ అన్నయ్య