తొమ్మిది సెకన్ల నాన్న

మార్చి 4

డెస్క్‌టాప్ మీద వాన పడుతోంది. పొద్దున చేపలు ఈదాయి, మధ్యాహ్నం రైలు కిటికీ కదిలింది. ఈ వారంలో ఇది పదకొండో లైవ్ వాల్‌పేపర్. నాది చాట్ సపోర్ట్ ఉద్యోగం. ఎవరైనా పార్సిల్ రాలేదంటే సారీ టైప్ చేస్తాను, మధ్యలో ఐకాన్లు సర్దుతాను. చేతులు ఊరుకోవు. నాన్న బయాప్సీ రిపోర్టు శుక్రవారం వస్తుంది.

మార్చి 6, సాయంత్రం 5

క్యాన్సరే. స్వరపేటిక మొత్తం తీసేయాలట. ప్రాణానికి ఫరవాలేదు, మాట మాత్రం ఉండదన్నారు డాక్టరు. ముందే గొంతు రికార్డు చేసి పెట్టుకోమన్నారు.

నాన్న ముప్పై ఏళ్లు డ్రిల్ మాస్టారు. ఏనాడూ మైకు ముట్టలేదు. ఇంటికొచ్చాక ఫోన్ ముందు పెట్టి ఏదైనా మాట్లాడమంటే కస్సుమన్నాడు. నేనేమైనా పోతున్నానా, ఇప్పుడు రికార్డింగులెందుకే అన్నాడు. నేనూ పట్టుబట్టలేదు. ఇప్పటి బొంగురు గొంతు ఏం చేసుకోను? నిరుడు స్టూలెక్కి బట్టల తీగ కడుతుంటే తీసిన వీడియో లాప్‌టాప్‌లో ఉంది. నలభై సెకన్లు. అందులో వీధి చివరిదాకా వినబడేలా నన్ను తిడతాడు.

మార్చి 9

నాన్ననే వాల్‌పేపర్ చేశాను! చేయెత్తి తీగ ముడేస్తాడు, నావైపు తిరుగుతాడు, నోరు తెరుస్తాడు, మళ్లీ చేయి పైకి. అతుకు కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. మూడు గంటలు కత్తిరించాను. లాప్‌టాప్ ఈసురోమంటుంటే సౌండ్ తీసేశాను. తొమ్మిది సెకన్లు. సేవ్ కొట్టాక గానీ కుదురుగా అన్నం తినలేదు.

మార్చి 13

రేపే ఆపరేషన్. ఐకాన్లన్నీ రంగులవారీగా సర్దాను. మళ్లీ చెరిపాను.

మార్చి 14

బాగానే జరిగింది. స్ట్రెచర్ మీద నుంచి నాన్న చివరగా అన్న మాట, గీజరు ఆపావా అని.

ఆపలేదు.

మార్చి 26

నాన్నని ఇంటికి తెచ్చాను. పలక మీద రాస్తున్నాడు. నన్ను పిలవాలంటే చప్పట్లు. మధ్యాహ్నం ఆ గొంతు వినాలనిపించి వీడియో తెరిచాను.

తొమ్మిది సెకన్లు. సౌండ్ లేదు. ఆ రోజు కాపీ చేసుకోకుండా అసలు దాని మీదే సేవ్ కొట్టాను. రీసైకిల్ బిన్ చూశాను, ఫోన్ చూశాను, ఎప్పుడో పోయిన పెన్‌డ్రైవ్ కోసం బీరువా కూడా గాలించాను. నా చేతులు విరిగిపోను.

మార్చి 27

రికవరీ సాఫ్ట్‌వేర్లు మూడు. ఏమీ లేదు.

మార్చి 28

రిపేర్ షాపాయన కూడా అంతే. దాని మీదే రాసేశారు కదమ్మా, ఇంక దేవుడు కూడా తీయలేడన్నాడు.

ఏప్రిల్ 2, ఉదయం 10

చెప్పేశాను. నాన్న తిట్టలేదు. తిట్టలేడని గుర్తొచ్చి ఇంకా ఏడ్చాను.

కుర్చీ లాక్కుని స్క్రీన్ ముందు కూర్చున్నాడు. స్టూలు మీద తనని ఏడెనిమిది సార్లు చూసుకున్నాడు. అక్కడ నన్నేమన్నావో కూడా మర్చిపోయాను నాన్నా అన్నాను. పలక అందుకుని, ఆ ఫోను పక్కన పడేసి స్టూలు పట్టుకోవే మొద్దూ అని రాశాడు. మొద్దు కింద రెండు గీతలు కొట్టాడు.

ఏప్రిల్ 19

బట్టల తీగ మళ్లీ తెగింది. చప్పట్లు. వెళ్లేసరికి స్టూలెక్కేశాడు.

రెండు చేతులతో పట్టుకున్నాను.