పెద్ద బంగళా మేడమీద వాళ్లు

జూన్ 3, నంద్యాల

బీరువా మెట్ల మలుపులో ఇరుక్కుంది. పైకీ రాదు, కిందికీ పోదు. హమాలీలు విసుక్కుని టీకి వెళ్లారు. సంతోషమ్మ దాని పక్కనే మెట్టు మీద కూర్చుంది. "దానికీ పోబుద్ధి గావడంల్యా" అంటోంది.

రాజమ్మ, మరియమ్మ సంచులు సర్దుకుని వరండాలో ఉన్నారు. ముగ్గురూ ఒకప్పుడు ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన బైబిలు స్త్రీలు. ముసలితనంలో సంఘం ఇచ్చిన ఈ మేడ గదులు తప్ప వేరే ఇల్లు లేదు. వాళ్ల వార్డెను అమ్మగారిగా వచ్చి ఇక్కడే ఉండిపోయిన నాకూ లేదు.

కింద సంఘం హెడ్డాఫీసు, పైన మేము. ఈ బంగళా పాతబడిందట. కూలగొట్టి రోడ్డు వైపు షాపులు, వెనక కొత్త ఆఫీసు కడతారట. కమిటీ నిర్ణయం. చెప్పడానికి వచ్చింది సెక్రటరీ. సెక్రటరీ నా తమ్ముడు డేవిడ్.

"పైకప్పు వాళ్ల మీద పడితే ఎవురక్కా జవాబు చెప్పాల్సింది?"

నిజమే. వాన పడితే గదుల్లో బొక్కెనలు పెట్టేది నేనే.

జూన్ 4

సాయంత్రం సంతోషమ్మ బంగళా అంతా తిప్పింది, నేనేదో చుట్టపుచూపుగా వచ్చినట్టు. ఇప్పుడు ఫైళ్ల గది — అప్పట్లో కాన్పుల వార్డు. మాల, మాదిగ, రెడ్డి, సాయిబుల ఆడవాళ్లు పక్కపక్క మంచాల్లో కనేవాళ్లట. క్యాషియరు కూర్చునే చోట అచ్చుయంత్రం ఉండేది. "పొద్దుగూకులూ దడదడ. కీర్తనల పుస్తకాలు ఆడనే అచ్చేసేది."

కుందూ నది పొంగి వీధుల్లోకి వచ్చినప్పుడు ఊళ్లో సగం జనం ఈ బండల మీదే పడుకున్నారు. "కింద హాల్లో వాండ్లు నమాజు చేసుకునిరి. పైన మనం ప్రార్థన చేసుకుంటిమి. అన్నం మాత్రం ఒకే గుండిగలో."

ముందు వరండాలో ఆగింది. మూడో స్తంభం మీద చెయ్యి వేసింది.

"కరువులో మిషను దొరసానులు ఈడ గంజి పోస్తాంటే, మాయమ్మను పసిబిడ్డప్పుడు ఈ స్తంభం కాడ పండబెట్టి పోయినారంట. ఎవురో, యాడివాండ్లో."

గొంతులో బాధ లేదు. ఊరు పేరు చెప్పినట్టు చెప్పింది.

హాల్లోకి వచ్చాక — "మనోళ్లు ఎవురు పోయినా పెట్టె ఈడనే పెడతారు గదా. నన్ను గూడ ఈడనే పెట్టు తల్లీ."

సరే అన్నాను. అన్నిటికీ అన్నట్టే.

జూన్ 5, ఆళ్లగడ్డ

మమ్మల్ని మార్చింది ఇక్కడికే, సంఘం వాళ్ల పాత ఆడపిల్లల హాస్టలుకు. గబ్బిలాల కంపు. బస్టాండు హారన్లు మంచం దాకా. డేవిడ్ సున్నం కొట్టించాడు, కొత్త పంపు వేయించాడు. అది మాత్రం ఒప్పుకోవాలి.

జూన్ 19

పొద్దున ఉప్మా దగ్గర సంతోషమ్మ లేదు. వీధంతా వెతికాం. బస్టాండులో అరటిపండ్లామె చెప్పింది — "ముసలామెనా? నంద్యాల బస్సెక్కె గదమ్మా."

నేనూ ఎక్కాను. శిరివెళ్ల దాటేదాకా తిట్టుకుంటూనే ఉన్నాను.  బంగళా కాంపౌండులో వేపచెట్టు కింద, చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని కూర్చుంది. కూలీలు మా గదుల పైకప్పు విప్పుతున్నారు.

"సూడు, నల్లమల టేకు. ఎట్లుండాదో సూడు. ఇది పడిపోతాదన్నారే!"

దూలం గట్టిగానే ఉంది. దాని పైనున్న గచ్చు మాత్రం చేత్తో నలిపితే పిండయ్యేలా ఉంది. ఆ సంగతి చెప్పలేదు. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. మధ్యాహ్నం హోటల్లో దోసె తినిపించి తీసుకొచ్చాను. బస్సులో నా భుజం మీదే నిద్ర.

జూలై 2

బంగళా కూల్చే పని ఆగిపోయింది. జాన్ మాస్టారి వర్గం కోర్టు నుంచి స్టే తెచ్చింది. కమిటీలో డేవిడ్‌కు ఎదురు నిలిచేది ఈయనే. మా ఇద్దరికీ లెక్కలు చెప్పిన సారు. గేటుకు డేవిడ్ తాళం, పక్కనే మాస్టారి తాళం. లోపల పైకప్పు సగం లేదు.

జూలై 9

మాస్టారు ఫోన్.

"మేము గెలిస్తే బంగళా నిలబడతాదమ్మా. నువ్వు మా తట్టు ఉండాల."

మరి మా ముసలివాళ్లు మేడ మీదికి తిరిగి రావచ్చా అని అడిగాను.

"అది... మ్యూజియం లెక్క పెడదామనుకుంటాండాము. ఆళ్లగడ్డ హాస్టలేమో బడికిస్తామని మాటిచ్చినాం. మీకు యాడన్నా చూద్దాంలే."

బంగళాను కాపాడేవాళ్లు మమ్మల్ని బయటికి పంపుతారు. కూలగొట్టేవాడు అన్నం పెడుతున్నాడు. ఎవరి వైపు ప్రార్థన చేయాలో తెలియడం లేదు.

జూలై 27

పొద్దున్నుంచీ వాన. సంతోషమ్మ కిటికీ దగ్గరే. "మేడ మీద తడుస్తాంటాది." ఒక్కటే మాట, ఎన్నిసార్లో.

ఆగస్టు 8

సంతోషమ్మ మళ్లీ నంద్యాల వెళ్లింది. ఈసారి వానలో. మూసిన గేటు ముందు తడిసి కూర్చుంటే ఎవరో ఆటోవాళ్లు నాకు ఫోన్ చేశారు.

ఆగస్టు 14

జ్వరం తగ్గలేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నాడు డాక్టరు. మరియమ్మ ఆమె పాదాలు పట్టుకుని కూర్చుంది. నన్ను చూసి "యాడికి పోతాండావు?" అంది సంతోషమ్మ. ఎక్కడికీ పోలేదు. మంచం పక్కనే ఉన్నాను.

ఆగస్టు 17

పోయింది. తెల్లవారుతుండగా.

డేవిడ్‌కు ఫోన్ చేశాను. పెట్టె పెట్టడానికి బంగళా హాలు ఒక్క గంట తెరిపించరా అన్నాను. "మాస్టారిని అడుగక్కా." మాస్టారికి చేశాను. "సెక్రటరీని ఫస్టు తీయమను."

ఆగస్టు 18

రాస్తే గానీ మనసు కుదుటపడేట్టు లేదు.

వ్యాను బంగళా గేటు దగ్గర ఆపించాను. డేవిడ్, మాస్టారు ఇద్దరూ వచ్చి ఉన్నారు. తెల్లచొక్కాలు, చేతుల్లో దండలు, జేబుల్లో తాళంచెవులు. ముందు తాళం తీసినవాడు బంగళా స్వాధీనం వదులుకున్నట్టట. రేపు కోర్టులో అదే పట్టుకుంటారట. వకీళ్లు చెప్పారట.

"నేను తీస్తానక్కా. ముందు ఆయన్ని తీయమను."

"నాదేముందమ్మా, వాన్నే తీయమను."

ఇద్దరి మధ్య నేను. వెనక పెట్టె. రాజమ్మ రోడ్డు మీద నిలబడి ఇద్దరినీ చూసి అంది — "మీ ఇద్దరి నోట్లో మొదటి వాక్యం పెట్టింది ఆమెనే గదరా. సండేస్కూల్లో."

డేవిడ్ తల దించుకున్నాడు. మాస్టారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. గేటు మాత్రం తెరుచుకోలేదు.

మరియమ్మే కీర్తన ఎత్తుకుంది. రోడ్డు మీద, పెట్టె వ్యానులోనే ఉండగా. లారీలు హారన్ కొడుతూ పక్కనుంచి పోయాయి. ఎదురు బిర్యానీ హోటలు సాయిబు స్టవ్వు ఆపించి, మనుషులతో వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పాస్టరు అయ్యగారు ప్రార్థన త్వరగా ముగించారు, ట్రాఫిక్ ఆగిపోతోందని.

సమాధుల తోటలో మట్టి వేసేటప్పుడు డేవిడ్ నా పక్కకు వచ్చాడు. జరిగి నిలబడ్డాను.

ఆగస్టు 19

ఏమీ లేదు.

సెప్టెంబరు 6

డేవిడ్ వచ్చాడు. గడ్డం మాసి ఉంది. పంపు దగ్గర కాళ్లు కడుక్కుని వరండాలో కూర్చున్నాడు.

"నిద్ర పట్టడంల్యాక్కా. సెక్రటరీ పని వదిలేస్తా. రాజీనామా రేపు ఇచ్చేస్తా."

ఆ రోజు గేటు దగ్గర ఈ మాట అని ఉంటే కాళ్లకు మొక్కేదాన్ని. ఇప్పుడు... వీడు తప్పుకుంటే మాస్టారి చేతికి పోతుంది అంతా. ఈ హాస్టలు బడికి పోతుంది. రాజమ్మకు మోకాళ్లు వంగవు, మరియమ్మకు చూపు ఆనదు. ఎక్కడికి తీసుకెళ్లను?

"చెప్పక్కా. ఇచ్చేయాలనా, వద్దా? నువ్వెట్ల చెప్తే అట్ల."

వాడి పాపాన్ని దించుకోవడానికి నా నోటి మాట కావాలి. ఉండమంటే అదే కుర్చీలో మళ్లీ కూర్చుంటాడు, అదే తాళంచెవి జేబులో పెట్టుకుని. ఉండమన్నది నేనవుతాను.

రాజమ్మ అన్నం పెట్టింది. రెండోసారి పప్పు కూడా వేసింది. తిన్నాడు. రేపు సాయంత్రం ఫోన్ చేస్తానని వెళ్లాడు.

లోపలి గదిలో రాజమ్మ, మరియమ్మ గుసగుసలాడుతున్నారు.

"మల్లా యాడికన్నా పంపుతారంటనా?"

"గట్టిగా మాట్లాడాకు. అమ్మగారికి ఇనపడతాది."