నమూనా సీసా

కామారెడ్డి, 1938 జూన్

పూజ్యులైన తాతకు విమల నమస్కారాలు.

నేను పనిచేసే ఆసుపత్రి డాక్టరమ్మ మొన్న మీ జబ్బకు పట్టీ చుట్టి చూసింది కదా. మీ రక్తపోటు చాలా ఎక్కువట. ఏళ్ల తరబడి ఉన్నదేనట. నొప్పి ఉండదు గానీ మూత్రపిండాలను లోలోపల చెడగొడుతుందట. ఉప్పు, తొక్కు పచ్చళ్లు పూర్తిగా మానండి. పరీక్షకు ఒక సీసా పంపండి. మీ పక్కింటి మైసన్న బస్సులో తెస్తాడు.

మీ మనుమరాలు,
విమల

తా.క. సీసాలో ఏం పంపాలో రాయడానికి సిగ్గేసింది. మైసన్న నోటితో చెబుతాడు. ఆయనకు సిగ్గు లేదు.

ఎల్లారెడ్డి

బిడ్డ విమలకు తాత బాలనర్సయ్య దీవెనలు.

మైసన్న చెప్పిండు. వాడకట్టంత వినేటట్టు చెప్పిండు. సీస పంపిన. ఉప్పు బందు పెట్టిన. మీ అవ్వ వండే పప్పు గోడకు పూసే సున్నం లెక్క ఉన్నది. నాకైతే ఏ రోగం లేదు.

నీ తాత

తా.క. డాక్టరమ్మ పెద్దమనిషి గదా అని అత్తరు సీసల పంపిన.

కామారెడ్డి

తాతకు నమస్కారాలు.

డాక్టరమ్మ వేడి చేయగానే అది కోడిగుడ్డు తెల్లసొనలా తెల్లబడింది. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నాయట. ఇప్పుడే జాగ్రత్త పడకపోతే మనిషి దక్కడం కష్టమని చెప్పింది. మందుల గదిలో నిలబడి ఏడ్చాను. వెంటనే రండి.

విమల

తా.క. అత్తరు ఏ దుకాణంలో కొన్నారని డాక్టరమ్మ అడిగింది.

ఎల్లారెడ్డి

బిడ్డా,

నీ ఉత్తరం చదివి ముందుగాల నవ్విన. అది నాది కాదు. వడ్లు అమ్మేటప్పుడు షావుకారికి నమూన చూపెడితే, బస్తల మంచి గింజలే ఏరి చూపెడతం గదా. గట్లనే, ఇంట్ల ఎన్నడు మంచం పట్టని మనిషిదే పంపిన. మీ అవ్వ మంగవ్వది.

నవ్వుకుంట నవ్వుకుంట ఆగిపోయిన. పొద్దుగూకితే ఆమె కాళ్లు వాస్తయి. "నిలవడి పని చేస్తే వాయవా?" అంటది. నేనూ గంతే అనుకున్న. రేపటి బస్సుకు ఇద్దరం వస్తున్నం. ఆమెకు ఏం కానీయకు బిడ్డా.

తాత

తా.క. నాది కూడ తెస్తున్న. ఈసారి మామూలు సీసనే.

ఎల్లారెడ్డి, దీపావళి దాటినంక

మా బంగారు విమలకు తాత దీవెనలు.

మీ అవ్వ కాళ్ల వాపు దిగింది. పోయిన బలం తిరిగి రాదు గానీ ఉన్నది నిలుపుకోవచ్చని డాక్టరమ్మ అన్నది గదా, ఆ మాట పట్టుకొని బతుకుతున్నం. నా రక్తపోటు సుత తగ్గింది. నువ్వు ఉత్తరం రాయకుంటే నేను సీస పంపకపోదును. సీస పోకుంటే ఈ మనిషి నాకు దక్కకపోవును. మీ ఆసుపత్రి నడిపే కాన్వెంటు అమ్మలకు సుత నా దండాలు చెప్పు.

నీ తాత

తా.క. ఇన్నేండ్లు నేను తిన్నంకనే ఆమె తింటుండె. ఉప్పు బందైనంక సుత గప్పుడు చాటుగ తన అన్నంల ఉప్పు కలుపుకుంటుండెనట! ఇగ ఆమెనే ముందు కూసోబెడుతున్న. ఎదురుంగ నేను కావలి. ఆమె తిన్నంకనే నాకు. మైసన్న వాకిట్ల నిలవడి "ఏంది పటేలా, కొత్త కోడలు లెక్క అత్తగారింటికి వచ్చినవా?" అని నవ్వుతడు. నవ్వనీ. నిన్న ఉప్పులేని చారు మంచిగున్నదని కుండ ఊడ్చి తిన్నది. నాకు చుక్క మిగల్లేదు. ఉత్త అన్నం తిన్న. అంత కమ్మటి అన్నం ఎన్నడు తినలేదు బిడ్డా.