సుద్దపొడి రాలిన కవరు

బొమ్మసంద్ర, బెంగళూరు
ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన తమ్ముడు ప్రేమ్ కుమార్‌కు, మీ అక్క ప్రిస్కిల్లా ప్రభువు నామంలో దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేను, మీ బావ, గ్రేస్ దేవుని దయవల్ల క్షేమంగా ఉన్నాం. నువ్వూ అక్కడ క్షేమమని తలుస్తాను అని ఎప్పుడూ రాసే మాట ఈసారి రాయడానికి చెయ్యి రావడం లేదు. నీ ఉత్తరాన్ని పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరమ్మ నా చేతిలో పెట్టారు. కంపెనీకి రాసినదానికి జవాబు రాలేదని చర్చి అడ్రసుకు రాశావు, మంచి పని చేశావు. వారం రోజులు దాన్ని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని తిరిగాను. బస్సులో తీయడం, రెండు లైన్లు చదవడం, మళ్ళీ మడిచి పెట్టడం. ఇవాళ మీ బావ గ్రేస్‌ని వెంటబెట్టుకుని చెప్పులు కొనడానికి బజారుకు వెళ్ళాడు. వాళ్ళు వచ్చేలోపు రాయాలని కూర్చున్నాను.

నువ్వు అడిగినవన్నీ చెబుతాను. ఒక్కదానికి మాత్రం జవాబు చివరికి గానీ రాదు, ఓపిక పట్టు.

గ్రేస్ దగ్గు తగ్గింది. దుమ్ము పడదని డాక్టరు చెప్పాడు. బొమ్మసంద్రలో కాపురం పెట్టి దుమ్ము పడదంటే ఎట్లా అని మీ బావ నవ్వాడు. దానికి పై పళ్ళు రెండూ ఊడాయి. మూడో తరగతిలో ఉంది. కన్నడం గలగలా మాట్లాడుతుంది. కూరగాయల బండి దగ్గర నేను బేరమాడుతుంటే నా కన్నడం విని సిగ్గుపడి పక్కకు పోయి నిలబడుతుంది. పెరుగన్నంలోకి ఊరగాయ లేకపోతే కంచం తోసేస్తుంది, అచ్చం నీ పోలికే. వాళ్ళమ్మ శైలజ చనిపోయిన ఏడాది అమ్మా అమ్మా అని నిద్రలో కలవరించేది, ఇప్పుడు లేదు. నిన్ను మాత్రం అడుగుతుంది. నాన్న జైల్లో ఉన్నాడని దానికి తెలుసు, నేను దాచలేదు. మార్చిలో పది రోజులు పెరోలు మీద వస్తాడని కూడా చెప్పాను. గోడ మీద క్యాలెండరులో ఆ పది గళ్ళకూ ఎర్ర పెన్సిలుతో చుట్లు గీసుకుంది.

మీ బావకు జిగణిలో లేత్ పని అలాగే సాగుతోంది. ఓవర్‌టైం తీసేశారు. నడుముకు బెల్టు పెట్టుకుని పోతున్నాడు. నీకు వందనాలు చెప్పమన్నాడు.

ఇక నీ ఉత్తరంలో నాకు అన్నం మింగుడు పడనివ్వని మాటకు వస్తాను. "అక్కా, నేను నీకు పంపిన కవరు గురించి పోలీసులు వచ్చి అడిగారు. అందులో ఏం పొడి పెట్టావు, ఎవరిని బెదిరించడానికి పంపావు అన్నారు. మా అక్క అక్కడ పనిచేస్తుంది, నా బిడ్డకు సుద్దముక్కలు పంపాను అన్నాను. వాళ్ళు కంపెనీకి ఫోన్ చేస్తే ఆ పేరుగల మనిషే లేదన్నారంట. పెరోలు ఆపేశారు. నువ్వు నా అక్కవని ఒక్క ముక్క రాసి పంపితే చాలంట. నీ ఉద్యోగం పోయిందా అక్కా? నా వల్లే పోయిందా?" అని రాశావు. పెరోలు సంగతి ఒక్కచోట రాశావు. నా ఉద్యోగం సంగతి మూడు చోట్ల అడిగావు.

ఉద్యోగం పోలేదు ప్రేమ్. కవరు వచ్చిన రోజూ ఉంది, పోలీసులు ఫోన్ చేసిన రోజూ ఉంది.

కవరు మీద నా పేరు రాయొద్దని నీకు చెప్పింది నేనే కదా. ఇంటికి రాయొద్దన్నాను, ఎందుకంటే మా ఇంటి ఓనరు ఓబళప్ప గేటు దగ్గర కుర్చీ వేసుకుని, వచ్చిన ప్రతి ఉత్తరం మీది ముద్రలు తిప్పి తిప్పి చదువుతాడు. జైలు ముద్ర చూశాడంటే మర్నాడే ఇల్లు ఖాళీ చెయ్యమంటాడు. కంపెనీలో అయితే వచ్చిన టపా అంతా మొదట నా బల్ల మీదికే వస్తుంది, పదకొండేళ్ళుగా ఇన్‌వర్డ్ సెక్షన్ చూసేది నేనే. "వట్టి ఇన్‌వర్డ్ సెక్షన్ అని రాయి, నేను తీసి బ్యాగులో వేసుకుంటా" అన్నాను. నాలుగేళ్ళు ఏ చీకూ చింతా లేకుండా గడిచింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మాది మందుల కంపెనీ. రెండేళ్ళ కిందట మా పెద్ద సారుకు ఎవరో బెదిరింపు ఉత్తరం రాశారు. అప్పటినుంచి టపా విప్పేవాళ్ళకు ట్రైనింగు పెట్టారు. సెక్యూరిటీ ఆఫీసరు రాజగోపాల్ గారు మిలిటరీలో చేసి వచ్చినాయన, ఆయన నేర్పారు. అనుమానమున్న కవరును ఊపకూడదు, వాసన చూడకూడదు, ఇదిగో చూడండని పట్టుకుని నలుగురి దగ్గరికీ తిరగకూడదు. ఎక్కడుందో అక్కడే దించి, పైన ఏదైనా మూత పెట్టి, ఫ్యానూ ఏసీ ఆపి, అందరూ బయటికి వచ్చి తలుపు మూసేయాలి. చేతులు సబ్బుతో కడిగేదాకా ముఖం ముట్టుకోకూడదు. గదిలో ఎవరెవరున్నారో పేర్లు రాసిపెట్టాలి. పంపినవారి పేరు లేకపోయినా, మనిషి పేరు లేకుండా సెక్షన్ పేరే ఉన్నా, పొడి రాలినా, జిడ్డు మరకలున్నా అనుమానించాలి. ఇవన్నీ నేనే తెలుగులో, కన్నడంలో అట్ట మీద రాసి గోడకు తగిలించాను. కొత్తవాళ్ళకు నేర్పేదీ నేనే. మనం అనుకున్న కవరుకు ఆ అట్ట మీది గుర్తులు సగం ఉన్నాయని నాకు ఏనాడూ తట్టలేదు.

ఆ రోజు గ్రేస్‌ని క్లినిక్‌కు తీసుకుపోయి, పదకొండింటికి ఆఫీసుకు చేరాను. నేను లేనని టపా సంచీ ఛాయాదేవి విప్పింది. కొత్తగా చేరిన పిల్ల, బెంగళూరులోనే పుట్టి పెరిగిన తెలుగువాళ్ళమ్మాయి, నాలుగో నెల కడుపుతో ఉంది. నేను లోపల అడుగు పెట్టగానే చేతులు ముందుకు చాచి నిలబడి ఉంది.

"అక్కా, ఈ కవర్లో నుంచి ఏందో పిండి మాదిరి రాలతా ఉండాది. నా చేతులంతా అయిపోయింది, చూడు" అంది.

బల్ల మీద నీ కవరు. మీద జైలు ముద్ర. ఒక మూల చిరిగి, తెల్లగా, అక్కడక్కడ గులాబీ రంగులో పొడి. నీ రాత నాకు తెలియదా? ఐదో తరగతిలో నేను చెయ్యి పట్టి దిద్దించిన రాత. అంతకుముందు ఉత్తరంలోనే నిన్ను సుద్దముక్కలు చేసే షెడ్డులో వేశారని, గ్రేస్ కోసం తెల్లవి రెండు, రంగువి రెండు సారును అడిగి పంపుతానని రాసి ఉన్నావు. పోస్టులో ముద్రలు గుద్దేటప్పుడో, సంచీలు విసిరేటప్పుడో నలిగి ఉంటాయి. ఆ పొడి ఏమిటో నాకు అక్కడికక్కడే తెలిసిపోయింది.

నోరు తెరిచి ఉంటే అంతటితో అయిపోయేది. తెరవలేదు. "ముఖం ముట్టుకోవద్దు, బయటికి నడువు" అన్నాను. కవరు మీద ఖాళీ చెత్తబుట్ట బోర్లించాను. ఏసీ ఆపాను. తలుపు మూసి, రాజగోపాల్ గారికి ఫోన్ చేశాను. పేర్లు రాశాను, ఛాయాదేవి పేరు మొదట, నా పేరు రెండోది. నేను నేర్పిన పాఠంలో ఒక్క అక్షరం పొల్లు పోలేదు.

రాజగోపాల్ గారు వచ్చి అందరినీ వరండాలో నిలబెట్టారు. "సుమ్నే, ఊరికే గాబరా పడొద్దండప్పా. ఆ కవరు ఎవురు పంపినారో ఎవురికన్నా తెలుసునా? తెలిస్తే ఇప్పుడే చెప్పేయండి, అందరికీ సులువైతాది" అన్నారు. అందరూ తెలియదన్నారు. నేనూ తెలియదన్నాను.

తర్వాత పోలీసులు వచ్చారు. ముక్కూ మూతీ కప్పుకున్నవాళ్ళు వచ్చి కవరును సంచీలో సంచీ పెట్టి తీసుకుపోయారు. ఛాయాదేవిని సెక్యూరిటీ గది వెనకాల కొళాయి దగ్గరికి తీసుకుపోయి, చుట్టూ దుప్పట్లు పట్టి తలస్నానం చేయించారు. బట్టలు మూటగట్టేశారు. ఎవరిదో రెయిన్‌కోటు తొడిగి, సాయంత్రం నాలుగు దాకా ఒంటరిగా కూర్చోబెట్టారు. నాకు చేతులు కడుక్కుంటే చాలన్నారు. నేను దూరంగా నిలబడి ఆ పిల్లను చూస్తూనే ఉన్నాను.

"అక్కా, నా బిడ్డకేమన్నా అవుతాదా? నిజం చెప్పక్కా" అని అక్కడినుంచే అరిచింది.

"ఏమీ కాదు" అన్నాను.

"నీకెట్లా తెలుసక్కా?" అంది.

నేను తల వంచుకుని లోపలికి వచ్చేశాను. సుద్దపొడి అని రిపోర్టు రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ తనకు కాస్త ఒళ్ళు వెచ్చబడ్డా నాకు ఫోన్ చేసి ఏడ్చింది. రిపోర్టు రాకముందే వాళ్ళాయన పని మాన్పించేశాడు. ఆ మర్నాడు మీటింగులో, సరిగ్గా రూల్సు ప్రకారం చేసినందుకు నాకు చప్పట్లు కొట్టి సర్టిఫికెట్ ఇచ్చారు. దాన్ని బీరువాలో చీరల అడుగున పడేశాను.

ఇప్పుడు నిన్ను ఓపిక పట్టమన్న మాట. కవరు వచ్చిన వారానికి నా బల్ల మీది ఫోను మోగింది. అవతల నీ జైలు ఉన్న ఊరి స్టేషను నుంచి, నేను రాసిన పేర్ల కాగితం చూడని పోలీసాయన కన్నడంలో అడిగాడు. ప్రిస్కిల్లా అనే ఆమె మీ సెక్షన్లో పనిచేస్తుందా, ప్రేమ్ కుమార్ అనే ఖైదీ ఆమె తమ్ముణ్ణని చెబుతున్నాడు అన్నాడు. ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరు సార్ అన్నాను. సరేనమ్మా అని పెట్టేశాడు. నిమిషం కూడా పట్టలేదు. అక్కడ ఆ మనిషే లేదని నీకు చెప్పింది కంపెనీ కాదు ప్రేమ్, మీ అక్క.

ఎందుకన్నాను? ఉద్యోగం పోతుంది, ఇల్లు పోతుంది, గ్రేస్ ఫీజు ఎవరు కడతారు అని తర్వాత చాలా కారణాలు వెతుక్కున్నాను. ఆ నిమిషంలో ఇవేవీ గుర్తు రాలేదు. గదిలో నలుగురు కూర్చుని ఉన్నారు, వాళ్ళు నన్ను ఖైదీ అక్క అని చూస్తారని సిగ్గేసింది. అంతే. నువ్వు చేసిన తప్పుకు నువ్వు శిక్ష పడుతున్నావు. నేను చేసినదానికీ నువ్వే పడుతున్నావు. ఈ మాట రాస్తుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది.

శుక్రవారం మీ బావకు అంతా చెప్పాను. నడుము బెల్టు విప్పి పక్కన పెట్టాడు. తర్వాత "పోయి చెప్పేయ్. ఉద్యోగం పోతే పోనీ, నా లేత్ ఉండాది గదా" అన్నాడు. నిన్న పోయి రాజగోపాల్ గారికి చెప్పాను. ఆయన తిడతారనుకున్నాను, తిట్టలేదు. "ఆ పిల్ల కొళాయి కింద వణకతా ఉంటే నువ్వాడే ఉండావు కదమ్మా" అన్నారు. సోమవారం నుంచి రావద్దని, పైవాళ్ళు విచారణకు పిలుస్తారని చెప్పి నా ఐడీ కార్డు తీసుకున్నారు. ఛాయాదేవి ఇంటికి పోయే ధైర్యం ఇంకా రాలేదు. పోవాలి.

నీ కవరు పోలీసుల ఫైల్లో ఉంది. అందులో ఏం రాశావో నేను చదవనే లేదు. గ్రేస్ ఆ సుద్దముక్కలతో రాయలేదు. నాన్న దగ్గరినుంచి ఏమీ రాలేదా అని అడిగితే పోస్టు ఆలస్యం అన్నాను. దానికి కూడా ఇవాళ సాయంత్రం నిజం చెబుతాను.

ఈ ఉత్తరాన్ని నీకంటే ముందు అక్కడి ఆఫీసరుగారు చదువుతారని నాకు తెలుసు. ఈ నాలుగు మాటలు ఆయనకు.

అయ్యా, నమస్కారం. ఆ కవరు నాకు వచ్చింది. దాని మీద పేరు రాయొద్దని చెప్పింది నేను. అందులో ఉన్నవి ఎనిమిదేళ్ళ పాపకు వాళ్ళ నాన్న పంపిన సుద్దముక్కలు. ఆ పేరుతో ఎవరూ లేరని ఫోనులో చెప్పిన ఆడమనిషిని నేనే. ప్రేమ్ కుమార్ మీకు చెప్పిందంతా నిజం, అబద్ధం ఆడింది నేను. అతను నా తోడబుట్టిన తమ్ముడు. ఇదే మాట రేపు పొద్దున ఇక్కడి పోలీసు స్టేషనులో సంతకం పెట్టి రాసిస్తాను. దానికి ఏ శిక్ష ఉన్నా నాకు వేయండి, అతని పెరోలు అతనికి ఇవ్వండి.

ప్రేమ్, ఇస్తారో ఇవ్వరో నాకు తెలియదు. ఇస్తే తప్పకుండా రా. నా ముఖం చూడబుద్ధి కాకపోతే చూడొద్దు. పాస్టరమ్మతో మాట్లాడాను, ఆ పది రోజులూ నువ్వూ గ్రేస్ వాళ్ళింట్లో ఉండొచ్చు అన్నారు. దాని బట్టలు సర్ది పంపిస్తాను, నేను ఆ వీధికి రాను. నువ్వు తిరిగి పోయేటప్పుడు దాన్ని నా దగ్గరే ఉంచాలో, ఇంకెవరికైనా అప్పగించాలో ఆలోచించి చెప్పు. నువ్వు ఏం చెప్పినా నేను ఎదురు మాట్లాడను.

ఇట్లు,
నీ తోడబుట్టిన అక్క,
ప్రిస్కిల్లా